మౌన సంవత్సరంలో రాయప్ప గొంతు

మౌనం గొప్పతనం గురించి ఫాదర్ డాక్టర్ దేవానందం గారు శౌరిపాలెం గుడిలో మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు ఎండ పీఠం మెట్ల మీద ఉంది. ఆయన ముగించేసరికి ఆ ఎండ గుడి దాటి, మిరప కల్లాలు దాటి, కొండ వెనక్కి వెళ్ళిపోయింది. నడుమ కరెంటు పోతే జనానికి ప్రాణం లేచొచ్చింది గానీ, ఆయన మైకు పక్కన పెట్టి సొంత గొంతుతోనే మౌనాన్ని కొనసాగించారు.

“ప్రియ విశ్వాసులారా, శబ్దము విశ్వాసమునకు చెద వంటిది. మౌనసాంద్రత పెరిగిన కొలదీ ఆత్మ యొక్క గాంభీర్యము ఇనుమడించును. కావున ఈ సంవత్సరము మన మేత్రాసనములోని గుడులన్నింటను మౌన సంవత్సరముగా ప్రకటింపబడినది!”

జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కూడా శబ్దమేనని ఆయన ఇంకో అరగంట వివరించారు.

ఎడమ గోడవారన కూర్చున్న చిన్నప్ప ఈ వార్తకు పెద్దగా చలించలేదు. ఇంట్లో ఎలాగూ మాట్లాడేది భార్య రెజీనా. పొలంలో మిరపచెట్లతో మాట్లాడే పని లేదు. ఇక మాట్లాడాల్సిన మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆయన కుడి గోడవారన కూర్చున్నాడు. ఆయన చిన్నప్పకి సొంత అన్న, రాయప్ప. ఆ ఇద్దరికీ మాటల్లేక ఏళ్ళూ పూళ్ళూ గడిచాయి.

అసలు ఈ మౌనం ఎక్కడ పుట్టిందో శౌరిపాలెం విచారణకి, అంటే ఆ గుడి పరిధికి, గురువైన ఫాదర్ ఇన్నయ్యకి తెలుసు. మేత్రాసనానికి పెద్దయిన పీఠాధిపతులవారు ఒకనాడు భోజనం చేస్తూ, “మనవాళ్ళు పూజలో కాస్త కబుర్లు చెప్పుకుంటున్నారండీ” అన్నారట. అని, పెరుగు వేసుకున్నారట. అంతే. ఆ మాట మేత్రాసన విశ్వాస గాంభీర్య మండలి చేతిలో పడింది. మండలి అధ్యక్షులు దేవానందం గారు పరదేశంలో మౌనం మీదే పరిశోధన చేసి, దిండంత పుస్తకం రాసి, డాక్టరై వచ్చిన మనిషి. వచ్చినప్పటి నుంచీ ఆ చదువుని ఎక్కడ వాడాలో తెలియక సతమతమవుతున్నారు. పిల్లికి ఎలక దొరికింది.

మొదటి ఉత్తరువు పూజలో కబుర్లు వద్దని. బాగానే ఉంది, అందరూ సరేనన్నారు. రెండోది పాటలు మనసులో పాడుకోమని. గాయక బృందం పీఠం పక్కన నిలబడి పెదవులు కదిపింది, హార్మోనియం వాయించే ఇన్నాసి గాలిలో వేళ్ళాడించాడు. మూడో ఉత్తరువుకి పీఠం మీద గంట నాలుకకి గుడ్డ చుట్టారు. దానికి బదులు ఒకతను పచ్చగుడ్డ ఊపేవాడు. రైలు కదులుతుందేమోనని ముసలమ్మలు లేచి నిలబడేవాళ్ళు. నాలుగోది జపమాల గురించి. ఎవరికి వాళ్ళు లోలోపల చెప్పుకోవాలి. చురుకైన వాళ్ళు ముందే ముగించి దిక్కులు చూసేవాళ్ళు, నిదానస్తులు అన్నాల వేళ దాకా గుడిలోనే ఉండిపోయేవాళ్ళు.

శౌరిపాలేనికి ఇది పెద్ద కష్టం. నోరు తెరిస్తే నలుగురికి వినపడాలనేది ఆ ఊరి ఆచారం. అయినా ఫాదర్ ఇన్నయ్య సర్దిచెప్పాడు. “ఓపిక పట్టండ్రా. మౌనం చెడ్డదేం కాదు. ప్రభువు కూడా కొండల మీదికి పోయి ఒంటరిగా ప్రార్థించాడు. ఏడాదేగా!”

ప్రభువు కొండ దిగి వచ్చాక మాట్లాడాడు కూడా అనే సంగతి మండలి వారికి ఎవరూ గుర్తుచెయ్యలేదు.

*

అన్నదమ్ముల తగువుకి మూలం అంతోనివారి పల్లకి.

ఏటా పునీత అంతోనివారి పండక్కి స్వరూపాన్ని పల్లకిలో పెట్టి ఊరంతా తిప్పుతారు. ముందువైపు కుడి భుజం ఆ ఇంటిదే. వాళ్ళ తాత మోశాడు, తండ్రి మోశాడు. తండ్రి పోయిన ఏడాది ఇద్దరు కొడుకులూ ఆ ఒక్క చోటికే వచ్చి భుజం పెట్టారు. పెద్దోణ్ణి నేనన్నాడు రాయప్ప. చివరి రోజుల్లో నాయన్ని మోసింది నేనన్నాడు చిన్నప్ప. ఆ తోపులాటలో పల్లకి ఒరిగి, అంతోనివారి చేతిలోని లిల్లీపువ్వు కాడ విరిగి రోడ్డున పడింది. పడేసింది నువ్వంటే నువ్వనుకున్నారు. ఆ తర్వాత అనుకోవటం కూడా మానేశారు. పోయినవాటిని వెతికిపెట్టే పునీతుడని అంతోనివారికి పేరు. తన పువ్వే పోగొట్టిన వాళ్ళకి ఆయనేం వెతికిపెడతాడని ఊళ్ళో ఎగతాళి.

రాయప్ప, చిన్నప్ప. ఈ పేర్లున్న అపోస్తలులిద్దరికీ కలిపి ఒకే రోజు పండగ చేస్తుంది తిరుసభ. ఈ రాయప్ప, చిన్నప్పలకి మాత్రం రెండిళ్ళ నడుమ ఒక గోడ చాలలేదు, గోడ మీద గాజుపెంకులు కూడా కావలసివచ్చాయి. భార్యలు మాత్రం బోరింగు దగ్గర హాయిగా మాట్లాడుకునేవాళ్ళు. ఇటు కబురు అటు చేరాలంటే అదే దారి.

గృహ మౌన పరిశీలన కోసం దేవానందం గారు ఊళ్ళోకి వచ్చింది సరిగ్గా ఈ రెండిళ్ళ ముందుకే. అప్పుడు రాయప్ప తన అరుగు మీద, చిన్నప్ప తన అరుగు మీద కూర్చుని ఉన్నారు. చిన్నప్ప మేక తాడు తెంపుకుని రాయప్ప పెరట్లో బెండమొక్కల మీద పడింది. రాయప్ప లేచాడు. పల్లెత్తు మాట అనలేదు. మేకని పట్టుకొచ్చి వీధిలో గుంజకి కట్టేశాడు. చిన్నప్ప లేచాడు. అతనూ ఏమీ అనలేదు. విప్పుకుని ఇంటికి తోలుకుపోయాడు. ఇద్దరూ మళ్ళీ కూర్చున్నారు.

దేవానందం గారి కళ్ళు చెమర్చాయి.

“ఆహా! ఇది కదా మౌనసంభాషణము! ఫాదర్ ఇన్నయ్య గారూ, ఇట్టి రత్నములను ఇన్నాళ్ళు మండలి దృష్టికి తేకుండుట మీ లోపము.”

“అది మౌనం కాదు ఫాదర్. పంతం,” అన్నాడు ఇన్నయ్య. “వాళ్ళిద్దర్నీ కలపాలని నేను ఎన్ని తిప్పలు పడ్డానో ఈ ఊరిని అడగండి.”

“మూలము ప్రధానము కాదు, ఫలము ప్రధానము. తొందరపడి కలిపెదరేమో సుమా! మండలి అనుమతి లేనిదే వీరిని కలుపరాదు.”

వారం తిరక్కుండా నాలుగురోడ్ల కూడలిలో ఫ్లెక్సీ లేచింది. అటు రాయప్ప, ఇటు చిన్నప్ప, నడుమ ఎగిరే పావురం. పైన ‘మౌనమే మా మార్గం’ అని పెద్దక్షరాలు, కింద ‘ఆదర్శ సోదరులు’ అని. ఆ దారిన పోవాల్సొస్తే చిన్నప్ప తలకి తువ్వాలు చుట్టుకుని పోయేవాడు.

ఈస్టరు ముందటి తపస్సుకాలం నుంచీ రాయప్ప గొంతు ఊళ్ళో వినపడటం లేదు. అంతకుముందు ఆ గొంతు వినపడని వీధి లేదు. జపమాల ఎత్తుకున్నాడంటే మైకు అక్కర్లేదు, ఊరేగింపు చివర చెప్పులు వెతుక్కునే వాళ్ళకి కూడా వినపడేది. అలాంటి మనిషి నోరు మెదపకపోయేసరికి, ‘రాయప్ప ఉత్తరువు రాకముందే మౌనం పట్టాడు, ఎంత భక్తి!’ అని మండలి వాళ్ళు తమ పత్రికలో మెచ్చుకున్నారు.

*

రెజీనా బోరింగు దగ్గర నుంచి బిందె తెచ్చి, దించకుండానే ఏడ్చింది.

“బావగారిది మౌనం కాదంట. గొంతులో కంతంట. నిన్న పెద్దాసుపత్రిలో తేల్చేశారంట. ఫిలోమినక్క చెప్తా చెప్తా కూలబడిపోయింది.”

చిన్నప్ప చేతిలో కొడవలి అలాగే ఉండిపోయింది. “ఇప్పుడేం చేస్తారంట?”

“సోమారం ఆపరేషనంట. ప్రాణానికి ఢోకా లేదంట. కానీ గొంతులో మాటపెట్టె ఉంటదంటగా, అది తీసేస్తారంట. ఇంక మాటనేది రాదంట.”

చిన్నప్ప దొడ్లోకి పోయి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చిన్నప్పుడు తిరునాళ్ళలో ఒకసారి తప్పిపోయాడు. రంగులరాట్నాల రొదలో, బూరల గోలలో, ఎటు చూసినా ఎవరివో కాళ్ళు. అప్పుడు ఎక్కణ్ణించో ‘ఒరేయ్ చిన్నోడా!’ అని అన్న గొంతు వచ్చింది. ఆ గొంతు పట్టుకుని జనంలోంచి నడిచి వచ్చేశాడు. సోమవారం తర్వాత ఆ పిలుపు ఈ లోకంలో ఉండదు. ఇన్నాళ్ళూ అది గోడ అవతలే ఉందిలే, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అన్న నోట ఆ పిలుపు వినాలని అతనికి దుఃఖం ముంచుకొచ్చింది.

“పోయి మాట్లాడయ్యా,” అంది రెజీనా వెనకనుంచి. “నీ పంతం తగలెయ్య, పో.”

పోయాడు. పంతం పక్కనపెట్టి ఆ గుమ్మం ఎక్కేసరికి ఫిలోమినమ్మ ఎదురొచ్చింది. “మండలోళ్ళు ఇప్పుడే జీపులో తీసుకుపోయారు చిన్నప్పా! కొండ మీద ధ్యానాశ్రమంలో మౌన వడకమని ధ్యానాలు పెట్టారు కదా, ఈయన్ని ముందుగా కూచోబెట్టి అందరికీ చూపిస్తారంట. ఆపరేషనుందయ్యా అంటే, ప్రార్థనకి మించిన మందేముందమ్మా అన్నారు. నీకూ పిలుపుందిగా, నువ్వూ పో.”

అలా చిన్నప్ప, అన్నతో మాట్లాడటం కోసం మౌన వడకానికి బయలుదేరాడు.

*

ధ్యానాశ్రమం గేటు దగ్గరే మైకు మోగుతోంది. ‘దయచేసి నిశ్శబ్దం పాటించండి, దయచేసి నిశ్శబ్దం పాటించండి’ అని చెప్పిందే చెబుతూ కొండ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ వినిపిస్తోంది. ఆశ్రమం కోళ్ళని ముందే కింది ఊరికి పంపేశారు. కాకుల విషయం మండలి పరిశీలనలో ఉంది.

మౌన సంరక్షణ బాధ్యత డ్రిల్లు మాస్టారు శౌర్రాజు గారిది. ఉద్యోగం నుంచి దిగిపోయి చాలాకాలమైనా విజిలు మాత్రం మెడలో నుంచి దిగలేదు. ఎవరు నోరు తెరిచినా ఊదేస్తాడు. దగ్గినందుకు ఊదాడు. ఆవలించినందుకు ఊదాడు. ఒక పెద్దాయన నిద్రలో ‘యేసూ’ అని మూలిగితే దానికీ ఊది, ఆయన్నీ, ఆ గదిలో పడుకున్న వాళ్ళందర్నీ లేపి కూర్చోబెట్టాడు.

ఆదర్శ సోదరులిద్దరికీ ఒకే గది ఇచ్చారు. చిన్నప్ప తలుపు తోసి లోపలికి పోయాడు. రాయప్ప మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. మెడ చిక్కిపోయింది, భుజాలు వాలిపోయాయి. అన్న ఇంత ముసలివాడు ఎప్పుడయ్యాడో చిన్నప్పకి తెలియదు. గోడ మీది గాజుపెంకుల్లోంచి అవన్నీ కనపడవు. అతను గొంతు సవరించుకున్నాడు.

“అ…”

విజిలు. శౌర్రాజు మాస్టారు కిటికీలో ఉన్నాడు.

చిన్నప్ప చేతులు జోడించి, అన్నని చూపించి, తన గొంతు చూపించి, మళ్ళీ చేతులు జోడించాడు. మాస్టారు తృప్తిగా తలూపి, నీళ్ళ కూజా తెచ్చిపెట్టి పోయాడు. రాయప్ప తల తిప్పి కూజా వైపు చూశాడు, తమ్ముడి వైపు చూశాడు, మళ్ళీ గోడ వైపు తిరిగాడు. ఏదో అనబోయినట్టే అనిపించింది. కానీ కిటికీలో మళ్ళీ విజిలు మెరిసింది.

మర్నాడు పొద్దున అందర్నీ గుడిలో దివ్యసత్ప్రసాదం ముందు కూర్చోబెట్టారు. అప్పుడు మాత్రం గేటు దగ్గరి మైకు ఆపేశారు, మాస్టారు కూడా మోకరించి కళ్ళు మూసుకున్నాడు. ఆ కాసేపు నిజంగానే నిశ్శబ్దం. వత్తి కాలే చప్పుడు కూడా తెలుస్తోంది. చిన్నప్పకి తండ్రి గుర్తొచ్చాడు. పల్లకి ఒరిగిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు ముందు నెట్టింది ఎవరో ఎవరూ అడక్కుండానే అతనికి తెలిసింది. మనసు కడిగినట్టయింది. మౌనం ఎందుకో అతనికి అప్పుడు అర్థమైంది. అది తన పని తాను చక్కగా చేసింది. లేచి వెళ్ళి మాట్లాడమంది.

తిన్నగా పాపసంకీర్తనానికి వెళ్ళాడు. అక్కడా మండలి ఏర్పాటు ఉంది. పాపాలు నోటితో చెప్పరాదు. పది ఆజ్ఞల్లో ఎన్నో ఆజ్ఞ మీరారో అన్ని వేళ్ళు చూపిస్తే చాలు. మిర్చి దళారి జోజిరాజు ఏడు చూపించి, ఆలోచించి, ఎనిమిది కూడా చూపించి బయటికొచ్చాడు. అతని వెనక ముసలి లూర్దమ్మ మోకరించి, అలవాటు కొద్దీ ఫాదర్ గారికి అరచెయ్యెత్తి దణ్ణం పెట్టింది. అయిదో ఆజ్ఞ నరహత్య. కొత్తగా అభిషేకమైన చిన్న ఫాదర్ అదిరిపడి లేచి నిలబడ్డాడు. ఎవరిని అని సైగ చేశాడు. బాగున్నావా అని అడుగుతున్నాడనుకుని లూర్దమ్మ రెండో చెయ్యి కూడా ఎత్తింది.

చిన్నప్ప వెళ్ళింది ఫాదర్ ఇన్నయ్య దగ్గరికి. వేళ్ళు ఎత్తబోయి ఆగిపోయాడు. సొంత అన్నతో ఏళ్ళ తరబడి మాట్లాడకపోవటానికి ఏ వేలు? పదివేళ్ళూ చూసుకున్నాడు. చివరికి చేతులు దించేసి, ఫాదర్‌కీ తనకీ నడుమ ఉన్న జాలీకి నోరు ఆనించి గుసగుసగా చెప్పేశాడు.

“మా అన్నకి సోమారం గొంతు పోద్ది ఫాదర్. ఈలోపల మాట్లాడాల.”

ఇన్నయ్యకి కంతి సంగతి అప్పుడే తెలిసింది. ఆయన జాలీ దగ్గరికి వంగాడు. తర్వాత గుసగుసగానే, “ఇంకా ఇక్కడ మోకరించి ఏం చేస్తున్నావురా? పోయి మాట్లాడు. అదే నీ ప్రాయశ్చిత్తం,” అన్నాడు.

విజిలు. ఈసారి గురువుగారి మీద.

*

ఈ నేరం మీద విచారణ దేవానందం గారి గదిలో జరిగింది. తలుపులు వేసుకున్నారు గనుక మాట్లాడవచ్చునని ఆయన తీర్పు.

“సమస్య అత్యంత సున్నితమైనది. మౌనభంగముతో విధింపబడిన ప్రాయశ్చిత్తము చెల్లునా, చెల్లదా? నా గ్రంథములో దీనిపై ఒక అధ్యాయమే కలదు.”

“అధ్యాయం తర్వాత చూద్దాం ఫాదర్,” అన్నాడు ఇన్నయ్య. “ఆ మనిషికి గొంతు తీసేస్తున్నారు. తమ్ముడు ఒక్కమాట మాట్లాడతానంటున్నాడు. ఒక్క పావుగంట వదిలెయ్యండి.”

“రేపు పీఠాధిపతులవారు విచ్చేయుచున్నారు. ఆదర్శ మౌన విచారణ బిరుదము మీ శౌరిపాలేనికే ఖాయమైనది. ఆదర్శ సోదరులే మాట్లాడుకొనిన, ఇక ఆదర్శమేమి మిగులును?”

“అన్నదమ్ములు మిగులుతారు.”

దేవానందం గారు కళ్ళు మూసుకుని మౌనాన్ని సంప్రదించారు. “సమాధానపడవచ్చును. మండలికి అభ్యంతరము లేదు. అయితే మౌనముగా సమాధానపడవలెను.”

చిన్నప్పకి ఒళ్ళు మండింది. “మౌనంగానే గదయ్యా ఇన్నేళ్ళూ పోట్లాడుకుంది! మళ్ళా మౌనంగానే కలవాలంటే, కలిసినట్టు ఎవరికి తెలుస్తది?”

“దేవునికి తెలియును.”

“దేవుడికి నేను ఇందాకే చెప్పుకున్నా. ఇప్పుడు మా అన్నకి చెప్పాల.”

ఆ మాటతో అతన్ని వేరే గదికి మార్చారు. రాయప్ప గది ముందు మాస్టారు కుర్చీ వేసుకున్నాడు.

*

ఆదివారం ముగింపు పూజ అయ్యాక మౌన ఊరేగింపు. ఆశ్రమం గుడి నుంచి కొండ మెట్ల మీదుగా కిందికి. శౌరిపాలెం నుంచి అంతోనివారి స్వరూపాన్ని, పల్లకిని ప్రత్యేకంగా తెప్పించారు. చేతిలో విరిగిన కాడ అలాగే ఉంది. పీఠాధిపతులవారు ముందు నడుస్తారు. వెనక పల్లకి. పల్లకికి ముందువైపు ఆదర్శ సోదరులు.

దేవానందం గారికి పాత తగువు సంగతేం తెలుసు? చిన్నప్పని చెయ్యిపట్టుకు తెచ్చి కుడివైపు నిలబెట్టారు, రాయప్పని ఎడమవైపు. శౌరిపాలెం జనం గుండెలు గుప్పిట్లో పెట్టుకున్నారు.

చిన్నప్ప తండ్రి మోసిన ఆ చోటుని చూశాడు. పక్కకి జరిగి, నువ్వు రా అన్నట్టు అన్నకి చెయ్యి చూపించాడు. రాయప్ప తలడ్డంగా ఊపాడు. చిన్నప్ప వచ్చి అన్న చెయ్యి పట్టుకుని కుడివైపుకి లాగాడు. రాయప్ప తమ్ముడి భుజాలు పట్టుకుని మళ్ళీ అక్కడికే నెట్టాడు. అప్పుడు నాకంటే నాకని తోసుకున్నారు, ఇప్పుడు నీకంటే నీకని తోసుకుంటున్నారు. ఇదేదో కొత్త మౌన నృత్యమనుకుని మండలి ఫోటోగ్రాఫరు ఫోటోలు తీశాడు. చివరికి గెలిచింది పెద్దవాడే. ఎడమవైపు తను వంగి భుజం పెట్టేశాడు.

పల్లకి కదిలింది. మెట్లు దిగుతున్నారు. చెప్పుల చప్పుడు, గేటు దగ్గరి మైకు తప్ప ఏమీ లేదు. పక్కనే చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో అన్న ఊపిరి గరగరమంటోంది. ఆ గరగర వింటూంటే చిన్నప్ప కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. మెట్టు కనపడలేదు. కాలు జారింది, భుజం కిందికి పోయింది. పల్లకి కుడివైపుకి ఒరిగింది. పల్లకిలో అంతోనివారు కదిలారు.

“ఒరేయ్ చిన్నోడా! భుజం ఎత్తరా!”

ఆ గొంతు బొంగురుగా, పగిలిపోయి వచ్చింది. అయినా కొండంతా విన్నది. గేటు దగ్గరి మైకు దాని ముందు చిన్నబోయింది. చిన్నప్ప ఒక్క ఉదుటున భుజం ఎత్తాడు. అంతోనివారు నిలబడ్డారు.

విజిలు మోగింది. దేవానందం గారు రెండు చేతులూ గాల్లోకెత్తి పరుగెత్తుకొస్తున్నారు. చిన్నప్ప వాళ్ళెవర్నీ చూడలేదు. భుజం మీద పల్లకి దండె పట్టుకుని, తల అన్నవైపు తిప్పాడు.

“ఇనపళ్ళేదన్నా. మళ్ళీ చెప్పు.”

రాయప్ప గుడ్లురిమాడు. “చెవుల్లో మిరపగింజలు పోసుకున్నావంట్రా? భుజం ఎత్తమన్నా!”

“ఏ భుజం అన్నా?”

“నాయిన మోసిన భుజంరా ఎదవా! సరిగ్గా పట్టుకో!”

“ఆ రోజు ముందు నెట్టింది నేనే అన్నా.”

“నాకు తెల్వదంట్రా? తర్వాత నెట్టింది నేను. ముందు మెట్టు చూసుకో!”

“ఇనపళ్ళేదన్నా. మళ్ళీ చెప్పు.”

ఒక్క మాట కూడా అతను వినకపోలేదు. ఆ సంగతి రాయప్పకి తెలిసింది. ఎందుకు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడో కూడా తెలిసింది. అందుకే గొంతు తగ్గించలేదు. మెట్టు మెట్టుకీ తిట్టాడు. మేకని కట్టుకోవటం చేతకాదని తిట్టాడు, గాజుపెంకులు ముందు నాటింది నువ్వేనని తిట్టాడు, తిరునాళ్ళలో తప్పిపోయిన ఎదవ్వి ఇప్పటికీ దారి చూసి నడవవని తిట్టాడు. చిన్నప్ప కన్నీళ్ళు కారిపోతూ అన్నీ తిట్టించుకున్నాడు. మెట్లు సగం దిగాక రాయప్ప ఊపిరి తీసుకుని, ఆ పగిలిన గొంతుతోనే మరియమాత మంగళవార్త జపం ఎత్తుకున్నాడు. లూర్దమ్మ అందుకుంది. ఆ వెనక శౌరిపాలెం మొత్తం అందుకుంది. ఇన్నాళ్ళుగా నోట్లో కుక్కుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది. ముందు నడుస్తున్న పీఠాధిపతులవారు వెనక్కి తిరిగి చూసి, జేబులోంచి జపమాల తీసి, తను కూడా గొంతు కలిపారు. శౌర్రాజు మాస్టారు విజిలు నోట్లో పెట్టుకుని ఊదబోయి, తీసేసి, ‘ఆమెన్’ అన్నాడు.

*

బిరుదు పక్క ఊరు ఇన్నాసిపేటకి పోయింది. నాలుగురోడ్ల కూడలిలో ఫ్లెక్సీ దించేశారు. దాన్ని చిన్నప్ప అడిగి తెచ్చుకుని మేకల పాక మీద కప్పుకున్నాడు.

సోమవారం ఆపరేషను జరిగింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. రాయప్ప ఇంటికొచ్చే లోపల చిన్నప్ప నడుమ గోడ పడగొట్టి గాజుపెంకులన్నీ ఏరి పారబోశాడు. ఫాదర్ ఇన్నయ్య చూడవస్తూ గుడిలో పీఠం మీద గంట పట్టుకొచ్చి, నాలుకకి చుట్టిన గుడ్డ విప్పి రాయప్ప చేతిలో పెట్టాడు. “గుడికి వేరేది తెస్తాలే. ఇది నీ దగ్గర ఉండనీ.”

ఆపరేషను అయిపోయిందన్న వార్త మండలి వారికి ఆలస్యంగా చేరింది. చేరాక మళ్ళీ సమావేశమై, పాత తీర్పు తిరగరాశారు. రాయప్పగారు మాట అన్నదే శాశ్వతంగా వదిలేశారు గనుక మేత్రాసనంలో అంతటి మౌని మరొకరు లేరని తేల్చారు. దేవానందం గారే శాలువా, జ్ఞాపిక పట్టుకుని వచ్చారు. రాయప్పని తన అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టారు. ఊరంతా పోగయింది.

“ప్రియ విశ్వాసులారా, సంపూర్ణ మౌనము అనునది…”

రాయప్ప గంట మోగించాడు.

దేవానందం గారు ఆగి, నవ్వి, మళ్ళీ మొదలుపెట్టారు. “సంపూర్ణ మౌనము అనునది ఆత్మ…”

గంట ఇంకా గట్టిగా మోగింది. ఆయన ముఖం ఎర్రబడింది. “ఏమిది? మౌనమూర్తులు ఇట్లు శబ్దము చేయవచ్చునా? ఎవరైనను ఆ గంటను తీసికొనుడు!”

పెరట్లో మిరపకాయలు తిరగబోస్తున్న చిన్నప్ప చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

“తప్పు ఫాదర్. మా అన్న మాట్లాడతన్నాడు. కాసేపు మౌనంగా ఉండండి.”

అని అన్న కాళ్ళ దగ్గర అరుగంచున కూర్చుని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

“ఇనపళ్ళేదన్నా. మళ్ళీ చెప్పు.”